పిల్లల కోసం ఉండాలా... పిల్లల కోసమే విడిపోవాలా?

కాపురం చేదెక్కిన ఇళ్లలో తల్లిదండ్రులు ఏళ్ల తరబడి లోలోపల మోసే ప్రశ్న ఇది. చుట్టాలది ఒక జవాబు, స్నేహితులది మరొకటి. చట్టం ఏమంటోంది? పరిశోధనలు ఏం తేల్చాయి? ఉండాలన్నా వెళ్లాలన్నా పిల్లలకు దెబ్బ తగలకుండా ఏం చేయాలి?

తెలుగిళ్లలో భార్యాభర్తల తగవు పెద్దల ముందుకు వచ్చిందంటే పంచాయితీ ఎలా నడుస్తుందో ముందే చెప్పొచ్చు. అమ్మాయి తరఫు వాళ్లు ఒక మాటంటారు, అబ్బాయి తరఫు వాళ్లు రెండంటారు. తాగుడు, అనుమానం, అత్తగారి పెత్తనం, ఫోన్లో దొరికిన మెసేజీలు, పెళ్లినాటి మర్యాదల లోటు... అన్నీ బయటపడతాయి. ఎవరి తప్పెంతో తేలక అందరూ అలసిపోయాక ఓ పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. ‘‘అయిందేదో అయింది. పిల్లల మొహం చూసైనా సర్దుకుపొండి’’ అంటాడు. ఇక ఆ తీర్పుకు అప్పీలుండదు. ఆ తర్వాత కూడా నోరెత్తితే తల్లి స్వార్థపరురాలవుతుంది, తండ్రి బాధ్యత తెలియనివాడవుతాడు.

ఈమధ్య నగరాల్లో ఇంకో రకం సలహా వినిపిస్తోంది. ‘‘నువ్వు సంతోషంగా ఉంటేనే పిల్లలూ సంతోషంగా ఉంటారు. బయటికొచ్చెయ్’’ అని స్నేహితులు ధైర్యం చెబుతారు. మొదటి సలహా పిల్లల పేరు చెప్పి పెద్దవాళ్ల నోరు కట్టేస్తుంది. రెండోది పెద్దవాళ్ల సంతోషం, పిల్లల క్షేమం ఎప్పుడూ ఒకటేనన్నట్టు మాట్లాడుతుంది. పొద్దున లేచింది మొదలు నిద్రపోయేదాకా ఆ పిల్లలు ఇంట్లో ఏం చూస్తున్నారు, ఏం వింటున్నారు, దేనికి భయపడుతున్నారు అని అడిగేవాళ్లు మాత్రం రెండు వైపులా తక్కువే. నిర్ణయం మొదలవ్వాల్సింది అక్కడి నుంచే.

లెక్కల్లోకి రాని విడిపోవడాలు

మన దేశంలో విడాకులు తక్కువ కాబట్టి కాపురాలన్నీ చల్లగా ఉన్నాయనుకోవడానికి లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో విడాకులు తీసుకున్నవారు సుమారు 13.6 లక్షల మంది. పెళ్లయినవారిలో ఇది 0.24 శాతం. విడాకుల కాగితం లేకుండానే విడిగా బతుకుతున్నామని అవే లెక్కల్లో చెప్పుకొన్నవారు దీనికి దాదాపు మూడు రెట్లు ఉన్నారు. కొన్నాళ్లు ఉండి రమ్మని భార్యను పుట్టింట్లో దిగబెట్టి మళ్లీ రాని భర్తలు, గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లి ఫోన్లు ఆపేసినవారు, అదే ఊళ్లో వేరే కాపురం పెట్టినవారు, గొడవ పడలేక తానే సర్దుకుని వెళ్లిపోయిన ఇల్లాళ్లు... ఇలాంటి కథలు ప్రతి వీధికీ తెలుసు.

ఆ ఇళ్లలో పిల్లలకు కాగితం మీద ఏమీ జరగలేదు. కాబట్టి వాళ్ల ఖర్చులకు నెలకు ఎంత రావాలో ఎవరూ తేల్చరు. నాన్న ఎప్పుడొస్తాడో, అమ్మను ఎప్పుడు చూడొచ్చో ఎవరూ రాసివ్వరు. బడిలో అడిగితే ‘మా నాన్న ఊరెళ్లాడు’ అని ఏళ్ల తరబడి చెప్పేది ఈ పిల్లలే. విడాకులు తీసుకోకపోవడం వేరు, కాపురం నిలబడటం వేరు.

కలిసే ఉన్న ఇళ్ల సంగతీ చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని చెప్పిన 18-49 ఏళ్ల వివాహితలు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశ సగటు 29.3. నోరు విప్పి చెప్పినవారి లెక్కే ఇది. మాటలతో, డబ్బుతో, అనుమానంతో చేసే హింస ఇందులో లేదు.

యాభై ఏళ్ల పరిశోధన ఏమంటోంది?

తల్లిదండ్రుల విడాకులు పిల్లల్ని ఏం చేస్తాయన్న దానిపై ఎక్కువగా పరిశోధన జరిగింది అమెరికాలో. అక్కడి సమాజం వేరు, ఆదాయాలు వేరు. ఆ ఫలితాలను యథాతథంగా మన ఇళ్లకు అంటించలేం. కానీ పిల్లల భయం, బెంగ ఏ దేశంలోనైనా ఒకటే కాబట్టి చూడదగ్గవే.

మనస్తత్వవేత్త జుడిత్ వాలర్‌స్టీన్ 1971లో కాలిఫోర్నియాలో విడాకులు తీసుకుంటున్న 60 కుటుంబాలను, వారి 131 మంది పిల్లలను ఎంచుకుని పాతికేళ్ల పాటు వెంబడించారు. పెద్దయ్యాక కూడా ఆ పిల్లల్లో చాలామందిని ప్రేమ, పెళ్లి అనేసరికి భయం వెన్నాడుతోందని ఆమె తేల్చారు. ‘పిల్లల కోసం కలిసి ఉండండి’ అనేవాళ్లకు అక్కడ ఇది పెద్ద ఆయుధమైంది. అయితే ఆమె చూసింది ఒకే ప్రాంతంలోని కొద్ది కుటుంబాలను. విడిపోకుండా కొట్లాడుకుంటూ ఉండిపోయిన ఇళ్ల పిల్లలతో మొదట్లో పోల్చనే లేదన్న విమర్శ కూడా వచ్చింది.

మేవిస్ హెదరింగ్టన్ అనే మరో మనస్తత్వవేత్త దాదాపు 1,400 కుటుంబాలను, కొన్నింటిని మూడు దశాబ్దాల వరకూ, గమనించి 2002లో పుస్తకం రాశారు. విడాకులైన ఇళ్ల పిల్లల్లో సుమారు 25 శాతం మందికి తీవ్రమైన మానసిక, సామాజిక సమస్యలు కనిపించాయి. విడిపోని కుటుంబాల్లో అది 10 శాతం. అంటే ముప్పు రెట్టింపు కంటే ఎక్కువ. అదే లెక్కను రెండో వైపు నుంచి చదివితే, విడాకులైన ఇళ్లలోనూ నలుగురిలో ముగ్గురు పిల్లలు నిలదొక్కుకున్నారు. మొదటి ఒకటి రెండేళ్లు చాలా కష్టంగా గడిచాయి, తర్వాత చాలా కుటుంబాలు కుదుటపడ్డాయి.

మన ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా వచ్చింది పాల్ అమాటో, అలన్ బూత్‌ల అధ్యయనం. 1980 నుంచి దాదాపు రెండు వేల మంది వివాహితులతో, తర్వాత వాళ్ల పిల్లలతో మాట్లాడి 1997లో ఫలితాలు ప్రచురించారు. కీచులాటలు, కొట్లాటలు మితిమీరిన ఇళ్లలో విడాకులయ్యాక పిల్లల పరిస్థితి బాగుపడింది. పెద్దగా గొడవల్లేని ఇళ్లలో, పెద్దవాళ్లకు మాత్రమే తెలిసిన అసంతృప్తితో తల్లిదండ్రులు విడిపోయినప్పుడు పిల్లలు ఎక్కువగా దెబ్బతిన్నారు. నిన్నటిదాకా మామూలుగా ఉన్న ఇల్లు చెప్పాపెట్టకుండా కూలిపోవడం వాళ్లకు అర్థం కాలేదు. పైగా అమాటో, బూత్ చూసిన విడాకుల్లో తీవ్రమైన గొడవలున్న కాపురాలు మూడో వంతు కూడా లేవు.

గొడవ పడటమే తప్పనీ కాదు. తల్లిదండ్రుల తగవులు పిల్లల మీద ఎలా పనిచేస్తాయో దశాబ్దాలుగా చూసిన మార్క్ కమింగ్స్ గుర్తించింది ఏమిటంటే, పిల్లలు చూసేది గొడవ ఎలా ముగిసిందని. పొద్దున అరుచుకున్న అమ్మానాన్న మధ్యాహ్నానికి నిజంగా సర్దుకుంటే పిల్లల్లో ఆందోళన చాలావరకు తగ్గిపోతుంది. వారం రోజుల మూతిముడుపులు, ‘మీ నాన్నకు చెప్పు’, ‘మీ అమ్మనడుగు’ అంటూ పిల్లల ద్వారా నడిపే మాటలు మాత్రం అరుపులంతగానే వేధిస్తాయి. తలుపు వేసుకుని గుసగుసగా తిట్టుకుంటే పిల్లలకు తెలియదనుకోవడం పెద్దల భ్రమ.

మీది ఏ ఇల్లు?

దీన్నిబట్టి సంతోషం లేని కాపురాలన్నిటికీ ఒకే మందు లేదని తెలుస్తోంది. కనీసం మూడు రకాల ఇళ్లను విడదీసి చూడాలి.

భయం ఏలే ఇల్లు: కొట్టడం, బెదిరించడం, తాగొచ్చి సామాన్లు పగలగొట్టడం, జీతం లాక్కోవడం, అడుగు బయటపెట్టనివ్వకపోవడం. నాన్న బండి చప్పుడు వినగానే పిల్లలు టీవీ ఆపేసి పుస్తకాలు పట్టుకుంటారు. ఇక్కడ ‘ఉండాలా వద్దా’ అని ఏళ్ల తరబడి తూకం వేయాల్సిన పని లేదు. క్షేమంగా ఎలా బయటపడాలన్నదే ప్రశ్న. దెబ్బలు తల్లికే పడుతున్నాయి, పిల్లల జోలికి రావడం లేదు కదా అని సమాధానపడే ఇళ్లు చాలా ఉన్నాయి. చిన్నప్పుడు ఇంట్లో తల్లిపై హింస చూడటాన్ని, ఆ తర్వాతి జీవితంలో ఆరోగ్యాన్ని దెబ్బతీసే అనుభవాల్లో ఒకటిగా అమెరికాలో 1998లో వెలువడిన ప్రసిద్ధ వైద్య అధ్యయనం లెక్కగట్టింది. చూడటం కూడా తగిలిన దెబ్బే.

ఆగని యుద్ధం ఉన్న ఇల్లు: చెయ్యి లేవదు, నోరు ఆగదు. డబ్బు, అత్తమామలు, ఉద్యోగం, వివాహేతర సంబంధం... రోజుకో కారణం. ఇక్కడ గడువు పెట్టుకుని గట్టి ప్రయత్నం చేయాలి. అత్తగారింట్లో ఊపిరాడకపోతే విడి కాపురం, తాగుడుంటే డీ-అడిక్షన్ చికిత్స, ఇద్దరూ కూర్చునే కౌన్సెలింగ్. ఒకరే ప్రయత్నిస్తూ రెండోవారు నవ్విపోతుంటే, ఏడాది రెండేళ్లయినా ఇంట్లో శబ్దం తగ్గకపోతే, పిల్లల కోసం కలిసి ఉంటున్నామనే మాటలో నిజం లేదు. పిల్లల్ని అడ్డం పెట్టుకుని ఉంటున్నారంతే.

చల్లారిన కాపురం: గొడవల్లేవు, మాటలూ లేవు. ఇద్దరూ మంచి తల్లిదండ్రులే, మంచి దంపతులు కారు. ఆమెకు తానొక వంటమనిషిననిపిస్తుంది, అతనికి తానొక ఏటీఎంననిపిస్తుంది. ఇక్కడే తొందర పనికిరాదు. మొదటి బిడ్డ పుట్టాక కొన్నేళ్ల పాటు దాంపత్యంలో సంతృప్తి తగ్గుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. నిద్రలేమి, ఈఎంఐలు, పసిపిల్లల జ్వరాలు, కాన్పు తర్వాతి కుంగుబాటు కలిసి ‘నేను తప్పు మనిషిని కట్టుకున్నాను’ అనిపించగలవు. తమ కాపురంలో సంతోషం లేదని చెప్పి కూడా కలిసే ఉన్న అమెరికన్లను ఐదేళ్ల తర్వాత మళ్లీ అడిగితే, మూడింట రెండొంతుల మంది సంతోషంగా ఉన్నామన్నారని లిండా వెయిట్ బృందం 2002లో ప్రకటించింది. దెబ్బలు తినే మనిషిని ఓర్చుకోమనడానికి ఈ లెక్క పనికిరాదు. చల్లారిన కాపురానికి మాత్రం మరో అవకాశం ఇవ్వొచ్చని చెబుతుంది. ప్రయత్నించాక కూడా గౌరవంగా విడిపోవాలనిపిస్తే అది నేరం కాదు. కానీ పిల్లలకు ఆ విడిపోవడం అర్థం కాదు కాబట్టి, వాళ్లకు సమయం, ఓపిక రెండింతలు ఇవ్వాలి.

నిర్ణయానికి ముందు ఐదు ప్రశ్నలు

ఒకటి: ఇంట్లో ఎవరైనా ఎవరికైనా భయపడుతున్నారా? అవునైతే మిగతా నాలుగూ తర్వాత.

రెండు: మా గొడవలు ముగుస్తున్నాయా, వాయిదా పడుతున్నాయా?

మూడు: మార్పు కోసం ఇద్దరం ప్రయత్నించామా, ఒక్కరమేనా? బయటి మనిషి సాయం తీసుకున్నామా?

నాలుగు: విడిపోతే గొడవ ఆగుతుందా, చిరునామా మారుతుందా? కోర్టు గుమ్మంలో, పిల్లల్ని అప్పగించే చోట, బడి గేటు దగ్గర అదే యుద్ధం సాగితే పిల్లలకు మిగిలేది రెండు ఇళ్లు, ఒకే పోరు.

ఐదు: వెళ్లాక మొదటి ఏడాది ఎలా గడుస్తుంది? అద్దె, ఫీజులు, పిల్లల్ని చూసుకునే మనిషి. దీనికి జవాబు లేకపోతే ఉండిపొమ్మని అర్థం కాదు, ఏర్పాట్లు మొదలుపెట్టమని అర్థం.

కాళ్లకు అడ్డుపడే భయాలు

‘పిల్లల్ని లాగేసుకుంటారు’: చాలామందిని ఆపేది ఇదే. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఆ పైన తల్లి హక్కు, తండ్రి హక్కు అని కాక బిడ్డ క్షేమం ఎక్కడుందన్నదే న్యాయస్థానం చూస్తుంది. తనకు ఏం కావాలో చెప్పగల వయసున్న పిల్లల అభిప్రాయాన్నీ తీసుకోవచ్చు. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1999లో తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని స్పష్టం చేసింది. తండ్రులదీ ఇదే భయం. విడిపోతే బిడ్డను చూడనివ్వరేమోనని నోరు మూసుకుని బతికే మగవాళ్లు తక్కువేం లేరు. బిడ్డకు ఇద్దరి ప్రేమ మీదా హక్కుందని, దగ్గర లేని తల్లి లేదా తండ్రికి కలుసుకునే వీలుతో పాటు ఫోన్, వీడియో కాల్ ద్వారా మాట్లాడే వీలు కూడా ఉండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల సంరక్షణ ఇద్దరికీ కలిపి ఇచ్చే పద్ధతిని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది.

‘ఎలా బతకాలి?’: మనోవర్తి అడగాలంటే ముందు విడాకుల కేసు వేయాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. 2005 గృహహింస చట్టం కింద విడాకుల ఊసు లేకుండానే రక్షణ, నెలనెలా ఖర్చులు, పిల్లల తాత్కాలిక కస్టడీ అడగొచ్చు. తిట్లు, డబ్బు ఇవ్వకుండా మాడ్చడం కూడా ఆ చట్టం దృష్టిలో హింసే. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు కూడా ఇస్తుంది. ఆ ఇల్లు అత్తమామల పేర ఉన్నా ఈ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. భార్యకు, మైనర్ పిల్లలకు మనోవర్తి ఇప్పించే పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా మారింది. ఆదాయం దాచిపెట్టే ఎత్తులకు అడ్డుకట్టగా, ఇద్దరూ ఆస్తిపాస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలని, దరఖాస్తు చేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కించాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పుట్టింటి ఆస్తి సంగతి కూడా మరవొద్దు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం సవరించింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ‘నీకు కట్నమిచ్చి పంపించేశాం’ అన్న మాట చట్టం ముందు నిలవదు. తల్లిదండ్రులు విడిపోయినంత మాత్రాన తండ్రి ఆస్తిలో పిల్లల వారసత్వ హక్కూ పోదు.

‘రేపు పిల్లకు సంబంధాలు రావు’: చిన్న ఊళ్లలో ఈ మాటలో ఎంతో కొంత నిజం ఉంది, దాచాల్సిన పని లేదు. కానీ తల్లి రోజూ అవమానపడటం చూస్తూ పెరిగిన అమ్మాయి, రేపు తన అత్తారింట్లో ఏది భరించాలో అక్కడే నేర్చుకుంటుంది. అబ్బాయి నేర్చుకునే పాఠం ఇంకా ప్రమాదకరం. సంబంధం తెచ్చే పెళ్లిళ్ల పేరయ్య కోసం ఇరవై ఏళ్ల బాల్యాన్ని తాకట్టు పెట్టడం తెలివైన బేరం కాదు.

కోర్టు దారి ఎంత దూరం?

ఇద్దరికీ ఇష్టమైతే దగ్గరి దారి ఉంది. పరస్పర అంగీకార విడాకులను హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చారు. ఏడాదిగా విడిగా ఉంటూ ఇద్దరూ కలిసి దరఖాస్తు చేయాలి. విడిగా అంటే రెండు ఇళ్లే అక్కర్లేదు, ఒకే కప్పు కింద భార్యాభర్తల్లా కాకుండా ఉన్నా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. ఆ తర్వాత ఆరు నెలల గడువు. మనసు మార్చుకోవడానికి ఇచ్చిన సమయం అది. తుది విచారణ లోపు ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. కలిసే ఆశ లేనప్పుడు, పిల్లలు, భరణం విషయాలు తేలిపోయినప్పుడు ఆ ఆరు నెలలు మాఫీ చేయొచ్చని 2017లో తీర్పు వచ్చింది.

ఒకరు కాదంటే దారి పొడుగే. క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో, మరో కారణమో సాక్ష్యాలతో నిరూపించాలి. ‘కాపురం కోలుకోలేనంతగా విరిగిపోయింది’ అన్నది నేటికీ మన చట్టంలో విడాకులకు కారణం కాదు. లా కమిషన్ 1978లో, మళ్లీ 2009లో సిఫార్సు చేసింది. 2013లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు లోక్‌సభ దాటలేక మురిగిపోయింది. ఆ కారణంతో విడాకులివ్వగల ప్రత్యేక అధికారం తనకుందని 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ప్రకటించింది కానీ, ఆ అధికారం ఒక్క సుప్రీంకోర్టుకే.

కాపురానికి రమ్మని కోర్టు ద్వారా అడిగే హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కూడా ఇంకా బతికే ఉంది. నటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి 1983లో అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని కాపురంలోకి మనిషిని తోసే అధికారం రాజ్యానికి లేదన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాదే మరో కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. మతాన్ని బట్టి చట్టాలు మారతాయి. క్రైస్తవులకు పరస్పర అంగీకార విడాకులు 2001 సవరణతో వచ్చాయి. ముస్లిం మహిళ ఖులా (భార్య కోరే విడాకులు) కోరడానికి భర్త అనుమతి అవసరం లేదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పిచ్చింది.

విదేశాల్లోని తెలుగువాళ్లకు చిక్కులు ఎక్కువ. డిపెండెంట్ వీసా మీదున్న భార్యకు విడిపోవడమంటే ఆ దేశంలో ఉండే హక్కే పోవచ్చు. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఓ జంట కేసులో, భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. పిల్లల అంతర్జాతీయ అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. ‘సెలవులకు వెళ్తున్నాం’ అని బిడ్డను తీసుకుని ఇండియా విమానం ఎక్కేస్తే రెండు దేశాల కోర్టుల మధ్య ఏళ్లు గడిచిపోవచ్చు. టికెట్ కొనడానికి ముందే రెండు చోట్లా న్యాయ సలహా తీసుకోవాలి.

ఉండాలనుకుంటే...

ఉండటం కూడా ఒక నిర్ణయమే కాబట్టి దానికీ నియమాలుండాలి. పిల్లల ముందు ఒకరి పుట్టింటిని ఒకరు దెప్పుకోకూడదు. గొడవ పడినప్పుడు రాజీ కూడా పిల్లల కళ్ల ముందే జరగాలి. ‘నీ కోసమే ఈ నరకం భరిస్తున్నా’ అన్న మాట ఏ బిడ్డకూ వినిపించకూడదు. తల్లి కష్టానికో తండ్రి కష్టానికో తానే కారణమని నమ్మిన పిల్లలు ఆ బరువుతోనే పెద్దవుతారు. దంపతులుగా దగ్గరవ్వడానికి సమయం కేటాయించాలి, ఆర్నెల్లకోసారి ఏమైనా మారిందా అని చూసుకోవాలి.

వెళ్లాలనుకుంటే...

పిల్లలకు వీలైతే ఇద్దరూ కలిసి చెప్పాలి. పరీక్షల ముందు రోజో, పుట్టినరోజు నాడో వద్దు. మాటలు చిన్నవిగా ఉండాలి: ‘‘అమ్మా నేనూ ఇకమీదట వేర్వేరు ఇళ్లలో ఉంటాం. పెద్దవాళ్ల మధ్య కుదరని విషయాలవి. నీవల్ల కాదు, నువ్వు సరిచేయాల్సిందీ కాదు. నేను నీకు ఎప్పటికీ నాన్ననే, అమ్మ ఎప్పటికీ అమ్మే.’’ వెంటనే వాళ్లు అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు: నా సైకిల్ ఎక్కడుంటుంది? బడి మారుతుందా? దసరాకు నానమ్మ వాళ్లింటికి వెళ్తామా? వాటికి నిజమైన జవాబులు సిద్ధంగా ఉంచుకోవాలి. తెలియనిది ఇంకా తెలియదనే చెప్పాలి.

పసివాళ్లు మళ్లీ పక్క తడపవచ్చు, తల్లి కొంగు వదలకపోవచ్చు. ఏడెనిమిదేళ్లవాళ్లు తాము అల్లరి చేసినందుకే ఇలా జరిగిందనుకుంటారు. టీనేజీ పిల్లలు కోపం చూపిస్తారు, గదిలో దూరతారు, లేదంటే ఉన్నట్టుండి ఇంటికి పెద్దదిక్కుగా మారిపోతారు. మూడోది చూసి మురిసిపోవద్దు, ఆ బరువు దించాలి. బడిలో ఒక్క టీచరుకైనా విషయం చెప్పి ఉంచితే మంచిది. నెలలు గడిచినా నిద్ర, తిండి, చదువు కుదుటపడకపోతే పిల్లల మానసిక నిపుణులను కలవాలి.

విడిపోయాక పిల్లలకు అసలు పరీక్ష అమ్మానాన్నల ప్రవర్తనే. వర్జీనియాలో రాబర్ట్ ఎమెరీ కస్టడీ కోసం కోర్టుకొచ్చిన జంటలను కొందరిని మధ్యవర్తిత్వానికి, మిగతావారిని కేసు కొట్లాటకు లాటరీ పద్ధతిలో కేటాయించి పన్నెండేళ్ల తర్వాత మళ్లీ చూశారు. కొద్ది గంటలు కూర్చుని మాట్లాడుకున్నవారిలో, విడిగా ఉంటున్న తల్లి లేదా తండ్రి ఎక్కువగా పిల్లల జీవితంలో నిలిచి ఉన్నారు. మన దగ్గరా ఫ్యామిలీ కోర్టులు 1984 చట్టంతో వచ్చింది రాజీ ప్రయత్నానికే. రాజీ అంటే మళ్లీ కలపడం ఒక్కటే అనుకోనక్కర్లేదు. ఆదివారాలు ఎవరివి, వేసవి సెలవులు ఎవరి దగ్గర, ఫీజు ఎవరు కడతారు, తాతయ్య నానమ్మలను ఎప్పుడు కలుస్తారు అని రాసుకోవడమూ రాజీయే. పిల్లల్ని గూఢచారులుగా పంపొద్దు, భరణం ఆలస్యమైందని పిల్లల్ని చూడనివ్వడం ఆపొద్దు, చూడనివ్వలేదని డబ్బు ఆపొద్దు.

ముందే చేసుకోవాల్సిన పనులు

పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్, పాస్‌పోర్టులు, బడి రికార్డులు, పెళ్లి ధ్రువపత్రం, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ల నకళ్లు భద్రమైన చోట పెట్టుకోవాలి. సొంత పేరుతో బ్యాంకు ఖాతా ఉండాలి. స్త్రీధనం భార్య సొత్తే కాబట్టి నగల వివరాలు, ఫొటోలు దాచుకోవాలి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవొచ్చు లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. మనసు కుంగిపోతే టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలకు ప్రమాదమైతే 1098.

హింస ఉన్న ఇంట్లో వెళ్లిపోతానని ముందుగా ప్రకటించడం ప్రమాదకరం. విడిపోయే సమయంలోనే దాడులు పెరిగే ముప్పు ఎక్కువ. నమ్మకమైన ఒకరికి మాత్రం చెప్పి, వెళ్లే చోటు ఖాయం చేసుకుని కదలాలి.

ఇక పెద్దలకు ఒక విన్నపం. మీ గుమ్మంలోకి కూతురో కొడుకో పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తే ఆ రాత్రే తీర్పు చెప్పకండి. ‘‘నిన్ను కొడుతున్నాడా? పిల్లలు భయపడుతున్నారా?’’ అని ముందు అడగండి. అవునంటే వెనక్కి పంపకండి. కాదంటే ఇద్దరినీ కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టండి, ఏడాది గడువివ్వండి, ఆ తర్వాత వాళ్లు ఏ నిర్ణయం తీసుకున్నా అండగా ఉండండి. ఈ కథనం చదువుతున్న మీరే ఆ భయం మధ్య ఉంటే, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు 112, సలహాకూ ఆశ్రయానికీ మహిళా హెల్ప్‌లైన్ 181. రెండూ రోజంతా పనిచేస్తాయి. 181కి చేస్తే మీ జిల్లాలోని సఖి కేంద్రానికి దారి చూపిస్తారు.